ఎవరిని ఆపాలి? క్యూ నుంచి సర్వర్ దాకా ఒక చరిత్ర

2025 ఏప్రిల్ 12న దేశవ్యాప్తంగా యూపీఐ చెల్లింపులు గంటల తరబడి స్తంభించాయి. కారణం శత్రుదాడి కాదని ఆ తరువాత తేలింది. పాత లావాదేవీలు ఏమయ్యాయో చెప్పమంటూ కొన్ని బ్యాంకుల కంప్యూటర్లు ఒకే ప్రశ్నను పదే పదే అడిగాయి. ఆ ప్రశ్నల వరదలో అసలు చెల్లింపులు మునిగిపోయాయి.

మోయగలిగిన దానికంటే ఎక్కువ మంది ఒకేసారి వచ్చి తలుపు తడితే ఒక వ్యవస్థ ఏం చేయాలి? దీన్ని మనం ఇంజినీర్లకు వదిలేశాం. అయితే అందరినీ లోపలికి రానివ్వలేనప్పుడు ఎవరిని ముందు పిలవాలి, ఎవరిని బయట నిలబెట్టాలి అన్నది పాలనకు సంబంధించిన నిర్ణయం. భారత రాజ్యానికి ఈ చిక్కు కంప్యూటర్లు రాకముందే బాగా తెలుసు.

ట్రంక్ కాల్ రోజులు గుర్తున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. ఊళ్ల మధ్య తీగలు తక్కువ, మాట్లాడవలసినవారు ఎక్కువ. అందుకే ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అనే మూడు అంతస్తులు ఏర్పడ్డాయి. ఎక్కువ చెల్లించినవాడి పిలుపు ముందు కలిసేది. ఇక ఇంటికి టెలిఫోన్ కావాలంటే ఏళ్ల నిరీక్షణ. డబ్బున్నవారికి ముందే డిపాజిట్ కట్టే పథకం, పలుకుబడి ఉన్నవారికి ఎంపీల సిఫారసు కోటా ఉండేవి. మిగిలినవారికి వెయిటింగ్ లిస్టే గతి. అన్యాయమే అయినా అది కంటికి కనిపించే అన్యాయం. దాన్ని పార్లమెంటులో ప్రశ్నించవచ్చు, పత్రికలో రాయవచ్చు.

ఈ రద్దీకి గణితం కూడా ఉంది. డెన్మార్క్‌కు చెందిన ఎర్లాంగ్ 1909లోనే టెలిఫోన్ ఎక్స్ఛేంజీకి వచ్చే పిలుపుల లెక్కను శాస్త్రంగా మలిచాడు. కంప్యూటర్ల ప్రపంచానికి గట్టి గుణపాఠం 1986 అక్టోబరులో అందింది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి మధ్య దూరం కొన్ని వందల గజాలే. సెకనుకు 32 వేల బిట్లు పంపవలసిన ఆ మార్గం 40 బిట్ల స్థాయికి కుప్పకూలింది. జవాబు రాని ప్రతి యంత్రమూ అదే సమాచారాన్ని మళ్లీ పంపింది. ఎంత పంపితే అంత ఇరుకైంది. వాన్ జాకబ్‌సన్ 1988లో సూచించిన మందు సరళమైనది: ఇరుకు కనిపించగానే పంపేవాడే వేగం తగ్గించుకోవాలి. నేటి సర్వర్లలో దీనికి తోడుగా మరో సూత్రం పాటిస్తారు. చేయలేని పనిని లోపలికి తీసుకుని నానబెట్టడం కంటే వాకిట్లోనే వెంటనే 'కుదరదు' అని చెప్పడం మేలు. లేకపోతే లోపల ఉన్నవారి పనీ సాగదు.

ఈ సూత్రం భారతదేశంలో సామాన్యుడిని తాకింది రైల్వే టికెట్ దగ్గర. 1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలయ్యే దాకా బెర్తులన్నీ గుమాస్తాల రిజిస్టర్లలో ఉండేవి. 1994లో కొత్త తరం సాఫ్ట్‌వేర్‌ను తొలిసారి అమలు చేసింది మన సికింద్రాబాద్ కేంద్రంలోనే. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, కోల్‌కతా, ముంబై, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఐదూ ఒకే వలలోకి వచ్చాయి. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్ టికెట్లు ప్రారంభించింది. కౌంటరు ముందున్న క్యూ క్రమంగా తెర వెనక్కి జరిగింది.

అసలు పరీక్ష తత్కాల్‌తో వచ్చింది. 1997లో పుట్టిన ఈ పథకం, ఇంటర్నెట్ తోడయ్యాక, దేశం మొత్తాన్నీ ఒకే నిమిషంలో ఒకే తలుపు దగ్గర నిలబెట్టింది. 2012 జులైలో తత్కాల్ సమయాన్ని ఉదయం 8 గంటల నుంచి 10కి మార్చారు. 2015 జూన్‌లో ఏసీకి 10, మిగతా తరగతులకు 11 అని విడదీశారు. అది రద్దీని రెండు అలలుగా చీల్చే ఎత్తు. ఏజెంట్లకు తొలి గడియల్లో నిషేధం, ఒక్కో ఖాతాకు నెలవారీ పరిమితి, కాప్చా ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. 2014లో కొత్త వ్యవస్థతో సామర్థ్యం నిమిషానికి 2,000 టికెట్ల నుంచి 7,200కు పెరిగింది. 2025 మే 22న ఒక్క నిమిషంలో 31,814 టికెట్లు అమ్ముడయ్యాయి. అయినా తత్కాల్ తెరుచుకున్న తొలి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా బాట్లవేనని రైల్వే శాఖే చెప్పింది. జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేసింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. తలుపు వెడల్పయింది సరే, లోపల బెర్తులు ఆ లెక్కన పెరిగాయా? పెరగలేదు. సర్వర్ ఎంత వేగంగా పనిచేస్తే ఖాళీలు అంత త్వరగా అయిపోతాయి. కొరతను సాఫ్ట్‌వేర్ తీర్చలేదు, పంచగలదు. ఆ పంపకం ఎవరి పక్షాన మొగ్గుతుందో అడగవలసింది మనమే.

ఆ ప్రశ్న ప్రాణాల మీదికి వచ్చింది 2021లో. ఏప్రిల్ 28న 18 నుంచి 44 ఏళ్లవారికి కోవిన్ తలుపు తెరిచింది. తొలి రోజే 1.3 కోట్ల మందికి పైగా నమోదయ్యారు, పోర్టల్ తడబడింది. తరువాత బయటి ప్రోగ్రాములు ఐదు నిమిషాల్లో వందకు మించి అడగరాదని హద్దు పెట్టారు. వాటికి అందే సమాచారం అరగంట పాతదైనా కావచ్చన్నారు. సర్వర్ నిలబడటానికి ఆ హద్దులు అవసరమే. కానీ ప్రోగ్రాం రాయగలిగిన పట్టణ యువకుడు ఖాళీ స్లాటును పసిగట్టగలిగాడు. స్మార్ట్‌ఫోన్ లేని కూలీ క్యూలో ఉన్నట్టు కూడా ఎక్కడా నమోదు కాలేదు. డిజిటల్ పోర్టల్‌నే నమ్ముకుంటే అందరికీ టీకా అందదని సుప్రీంకోర్టు మే 31 నాటి ఉత్తర్వులో హెచ్చరించింది. నేరుగా కేంద్రానికి వెళ్లి టీకా వేయించుకునే వీలు జూన్ 21 నుంచి పెద్దలందరికీ వచ్చింది.

యూపీఐ విషయానికి మళ్లీ వద్దాం. 2025 ఆగస్టు 1 నుంచి ఒక్కో యాప్‌లో రోజుకు 50 సార్లే బ్యాలెన్స్ చూడవచ్చు. ఆటోపే చెల్లింపులు రద్దీ వేళల బయటే జరగాలి. ఏ అభ్యర్థన ముఖ్యమో, ఏది ఆగగలదో తేల్చిన ఈ నిబంధన సాంకేతికంగా సమంజసమే. కోట్లాది ప్రజల దైనందిన జీవితాన్ని తాకే ఆ నిర్ణయం మాత్రం ఎన్‌పీసీఐ అనే కంపెనీ సర్క్యులర్ రూపంలో వెలువడింది. దానిపై చట్టసభలో చర్చ జరగలేదు.

పరిమితులే వద్దనడం అవివేకం. అడ్డూ అదుపూ లేని తలుపు ఎవరికీ ఉపయోగపడదు. ప్రజాసేవల విషయంలో అడగవలసినవి మూడు. ఆపే నియమం ముందే బహిరంగంగా ప్రకటించాలి. ఆగినవారికి కారణమూ, మళ్లీ రావలసిన సమయమూ చెప్పాలి. తెర ముందుకు రాలేనివారికి మనుషులు కూర్చునే ఒక కౌంటరు ఎప్పుడూ తెరిచి ఉండాలి. పాత క్యూలో ఎవరైనా మధ్యలో దూరితే వెనకున్నవారు నిలదీసేవారు. కొత్త క్యూలో మన ముందు ఎవరున్నారో, వెనక ఎవరున్నారో మనకు కనపడదు. అందుకే ఆ నిలదీసే హక్కును ఇప్పుడు చట్టంలో రాసుకోవాలి.