గెలిచేవారు, నేర్పేవారు



చదరంగం మీద మనసు పడ్డ పిల్లవాడు ఇంట్లో ఉంటే తల్లిదండ్రులకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది. వీణ్ణి ఎవరి దగ్గర కూర్చోబెట్టాలి? కప్పులు ఎక్కువ గెలిచినవారి దగ్గరా, ఓపికగా చెప్పేవారి దగ్గరా? తేలిగ్గా తీసుకోవలసిన ప్రశ్న కాదిది. మొదటి గురువు దగ్గరే మనసు విరిగిన పిల్లవాడు మళ్ళీ బల్ల ముందుకు రాకపోవచ్చు. చరిత్ర దీనికేం జవాబు చెబుతుందో ఈ పూట చూద్దాం.

1894లో ప్రపంచ విజేత అయిన ఇమాన్యుయేల్ లాస్కర్ 27 ఏళ్ళు ఆ పీఠం దిగలేదు. ఆయన జర్మనీ దేశస్థుడు, గణితవేత్త కూడా. 1895లో లండన్‌లో మామూలు ఆటగాళ్ళకు ఆయన చేసిన ఉపన్యాసాలు మరుసటి ఏడు చిన్న పుస్తకంగా వచ్చాయి. ఆ తర్వాత 1925లో పెద్ద పాఠ్యగ్రంథం రాశారు. అందులో ఒక లెక్క వేశారు. మంచి ఆటగాడు కావడానికి 200 గంటలు చాలునట! నియమాలకు 5, ముగింపులకు 5, ఆరంభపు ఎత్తులకు 10, కలయికలకు 20, స్థితిని అంచనా కట్టడానికి 40, మిగిలిన 120 గంటలూ ఆడడానికీ, ఆడినదాన్ని పరిశీలించడానికీ. ఏటా అంతకంటే ఎక్కువ కాలం వెచ్చించి కూడా ముందుకు సాగనివారు లక్షల్లో ఉన్నారని చెబుతూ, ఆయన తప్పును నేర్పే పద్ధతిలోనే చూశారు. ఇంత పెద్ద ఆటగాడు విద్యార్థి కాలాన్ని గంటల్లో లెక్కగట్టి ఆలోచించాడంటే మనం గమనించవలసిందే.

1921లో లాస్కర్‌ను ఓడించిన కాపాబ్లాంకా క్యూబా దేశస్థుడు. నాలుగేళ్ళ వయసులో తండ్రి ఆడుతుంటే చూసి ఆట నేర్చుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. ఇంత సునాయాసంగా విద్య అబ్బినవాడు ఇతరులకేం చెప్పగలడు అనిపిస్తుంది. కాని అదే ఏడు ఆయన రాసిన చదరంగ మూలసూత్రాల పుస్తకం ఒంటరి రాజును ఏనుగుతో ఆటకట్టు చేయడం లాంటి చిన్న పాఠాలతో మొదలవుతుంది. తాను ఓడిన ఆటలను కూడా అందులో పెట్టి, ఎక్కడ తప్పానో చూడండి అన్నారు. తన ఓటమిని పాఠంగా పెట్టగలగడం గురువు లక్షణం.

అయితే గొప్ప ఆటగాళ్ళందరికీ ఇది ఎందుకు చేతకాదు? దీనికి కారణం హాలెండులో దొరికింది. ఆడ్రియాన్ డి గ్రూట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆట మధ్యలోని బల్లను కొన్ని క్షణాలు చూపించి దాచేవారు. మేటి ఆటగాళ్ళు దాదాపు అన్ని కాయలనూ తిరిగి సరిగ్గా పేర్చేవారు, కొత్తవారు కొన్నిటినే పేర్చగలిగేవారు. ఆయన గ్రంథం 1946లో వచ్చింది. 1973లో అమెరికాలో చేజ్, సైమన్‌లు కాయలను అడ్డదిడ్డంగా పేర్చి చూపితే మేటి ఆటగాళ్ళ ఆధిక్యం దాదాపు పోయింది. అంటే వారు విడివిడి కాయలను చూడడం లేదు. ఏళ్ళ తరబడి అలవాటైన అమరికలను చూస్తున్నారు. అలవాటైపోయినదాన్ని మాటల్లో పెట్టడం కష్టం. "అది కనబడుతూనే ఉందిగా!" అని గురువు అన్నచోట శిష్యుడికి ఏమీ కనబడదు.

డి గ్రూట్ పరీక్షించినవారిలో మాక్స్ యూవే ఒకరు. 1935లో ప్రపంచ విజేత అయిన ఈయన వృత్తిరీత్యా బడిలో లెక్కల మాస్టారు. తెలియని పిల్లలకు రోజూ పాఠం చెప్పిన మనిషి రాసిన చదరంగ పుస్తకాలు ఎన్నో భాషల్లోకి వెళ్ళాయి.

పీఠం దక్కనివారి సంగతీ చూడాలి. డాక్టర్ తారాష్ 1908లో లాస్కర్ చేతిలో ఓడారు, అయినా జర్మనీకి చదరంగ గురువని ఆయనకే పేరు. రష్యాకు చెందిన మార్క్ ద్వొరెట్‌స్కీ గ్రాండ్‌మాస్టర్ కూడా కాలేదు. ఆటను పక్కనపెట్టి శిక్షణనే వృత్తిగా ఎంచుకుని, యూసుపోవ్, దోల్మతోవ్ వంటి గ్రాండ్‌మాస్టర్లను తయారుచేశారు.

మరి మూడుసార్లు కిరీటం దక్కించుకున్న బొత్విన్నిక్? ఆయన పాఠశాలలో కార్పొవ్, కాస్పరోవ్, క్రామ్నిక్ చదివారు, ముగ్గురూ ప్రపంచ విజేతలయ్యారు. ఆయన తన ఆటలను విశ్లేషించి ప్రచురించి, తప్పులుంటే పట్టమనేవారు. శిష్యులూ తమ ఆటలను అలాగే పరిశీలించి తేవాలి. అంతటివాడికీ బాలుడైన కార్పొవ్‌లో మొదట పెద్ద భవిష్యత్తు కనబడలేదు. కిరీటం ఉన్నంత మాత్రాన శిష్యుణ్ణి చదవడం రాదన్నమాట.

చివరిగా మన దగ్గరి ఉదాహరణ. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి 18 ఏళ్ళకే ప్రపంచ విజేత అయిన దొమ్మరాజు గుకేశ్ చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు బిడ్డ. అతన్ని చిన్ననాటి నుంచి తీర్చిదిద్దిన విష్ణు ప్రసన్న గ్రాండ్‌మాస్టరే గాని ప్రపంచ పీఠానికి పోటీపడ్డవారు కారు. కంప్యూటర్ చెప్పే జవాబు మీద ఆధారపడకుండా బాలుడు తానే ఆలోచించాలని చాలాకాలం దాన్ని దూరంగా ఉంచారు. పునాది అలా పడ్డాక, ఐదుసార్లు ప్రపంచ విజేత అయిన విశ్వనాథన్ ఆనంద్ అండ దొరికింది. సింగపూర్ పోటీకి సిద్ధం చేసినవారిలో గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ కూడా ఉన్నారు.

కాబట్టి గొప్ప ఆటగాడు గురువుగా పనికిరాడనీ అనలేం, తప్పక పనికొస్తాడనీ అనలేం. తాను తెలియనివాడిగా ఉన్న రోజులు గుర్తున్నవాడే నేర్పగలడు. శిఖరానికి చేరువైనవాడికి శిఖరం ఎక్కినవారి తోడు కావాలి. మొదటి మెట్టు మీద ఉన్నవాడికి మెట్టు చూపించేవారు కావాలి.

మీ బిడ్డను గురువుకు అప్పగించే ముందు ఆ ఇంటి గోడమీది కప్పులు లెక్కపెట్టకండి. ఒక గంట కూర్చుని చూడండి. పిల్లవాడు తప్పు ఎత్తు వేసినప్పుడు, "ఇది కాదు" అని కాయను తానే జరుపుతున్నారా, "ఇక్కడ ఎందుకు పెట్టావు నాయనా?" అని అడుగుతున్నారా? అడిగేవారైతే నిశ్చింతగా ఇంటికి రండి.