బొమ్మా బొరుసా తేల్చిన సూపర్‌బౌల్

2017 ఫిబ్రవరి 5 రాత్రి, హ్యూస్టన్. నిర్ణీత సమయానికి స్కోరు 28-28. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనలైన సూపర్‌బౌల్ చరిత్రలో ఓవర్‌టైమ్ రావడం అదే మొదలు. రిఫరీ నాణెం ఎగరేస్తే న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ కెప్టెన్ మాథ్యూ స్లేటర్ ‘బొమ్మ’ అన్నాడు. బొమ్మే పడింది. నాలుగు నిమిషాలు తిరక్కుండానే ఆ జట్టు 75 గజాలు దూసుకెళ్లింది. జేమ్స్ వైట్ బంతితో ఆఖరి గీత దాటి ఆరు పాయింట్ల టచ్‌డౌన్ చేశాడు. 34-28, ఆట ముగిసింది. ఆ సీజన్‌లో 540 పాయింట్లతో లీగ్ మొత్తానికీ ముందు నిలిచిన అట్లాంటా ఫాల్కన్స్‌కు ఓవర్‌టైమ్‌లో ఒక్కసారైనా దాడి చేసే అవకాశం రాలేదు. ముందురోజే లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా పురస్కారం అందుకున్న మాట్ ర్యాన్ గీత అవతలే ఉండిపోయాడు.

అట్లాంటాకు ఉత్తరాన, జార్జియా 400 రహదారి మీద ఉంటుంది అల్ఫారెట్టా. ఐటీ ఉద్యోగాలతో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. అక్కడ పుట్టిపెరిగిన పిల్లలకు ఫాల్కన్స్ సొంత జట్టు. అమ్మానాన్నలకు మాత్రం ఆటంటే ఇప్పటికీ క్రికెట్టే. క్రికెట్ చూసి పెరిగిన ఎవరికైనా అలాంటి ముగింపు చూడగానే ఒకటే ప్రశ్న తడుతుంది: మనవాళ్లకింకా బ్యాటింగే రాలేదు, మ్యాచ్ అప్పుడే ఎలా అయిపోయింది? సూపర్ ఓవర్‌లో ఇద్దరికీ చెరో ఆరు బంతులు ఇస్తారు కదా! చాలా న్యాయమైన ప్రశ్న. దీనికి సరైన జవాబు చెప్పడానికి అమెరికన్ ఫుట్‌బాల్ పెద్దలకు దశాబ్దాలు పట్టింది.

పాత పద్ధతి పేరు ‘సడన్ డెత్’. ఎవరు ముందు పాయింటు సాధిస్తే వాళ్లదే గెలుపు. 1958 డిసెంబరు 28న యాంకీ స్టేడియంలో బాల్టిమోర్ కోల్ట్స్ 23-17తో న్యూయార్క్ జెయింట్స్‌ను ఓడించి ఛాంపియన్ అయింది ఈ పద్ధతిలోనే. ఆనాడు టాస్ గెలిచి ముందు బంతి అందుకున్నది జెయింట్స్. ఏమీ చేయలేక బంతిని వదులుకుంది. టాస్ గెలిచినంత మాత్రాన మ్యాచ్ గెలిచినట్టు కాదన్న మాట అప్పట్లో నిజమే. 1974లో లీగ్ దశ మ్యాచ్‌లకూ ఇదే నిబంధన వచ్చింది. కాలం గడిచేకొద్దీ కిక్కర్లు ఆరితేరారు. నలభై యాభై గజాల నుంచి బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నడం మామూలైపోయింది. దాంతో టాస్ గెలిచి, సగం మైదానం దాటి, మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ కొట్టేస్తే చాలు.

2010 జనవరి 24న న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ సరిగ్గా అదే చేసింది. గారెట్ హార్ట్‌లీ 40 గజాల నుంచి తన్నిన ఒక్క తన్నుతో మిన్నెసోటా వైకింగ్స్ ఇంటిదారి పట్టింది. రెండు నెలలకు లీగ్ జట్ల యజమానులు 28-4 ఓట్లతో ప్లేఆఫ్స్ నిబంధన మార్చారు. మొదటి జట్టు ఫీల్డ్ గోల్ కొడితే రెండో జట్టుకూ అవకాశం, టచ్‌డౌన్ చేస్తే మాత్రం అక్కడికక్కడే ముగింపు. వద్దన్న నలుగురిలో వైకింగ్స్ కూడా ఉంది. బఫెలో బిల్స్ కూడా ఉంది. ఈ బిల్స్ పేరు గుర్తుంచుకోండి.

ఆ సగం సవరణే అట్లాంటాను ముంచింది. అయినా ఎవరూ అయ్యో అనలేదు. ఎందుకంటే ఫాల్కన్స్ మూడో క్వార్టర్‌లో 28-3తో ముందుండి, ఆ ఆధిక్యాన్నంతా చేజార్చుకుంది. ‘25 పాయింట్లు పోగొట్టుకున్నవాళ్లు నాణేన్ని తప్పుపడతారా?’ అని అందరి నోళ్లూ మూయించారు. నేనీ వాదన ఒప్పుకోను. చేజార్చుకున్నది నిజం, దానికి శిక్ష స్కోరు సమం కావడంలోనే పడింది. ఆ మ్యాచ్‌లో పేట్రియట్స్ దాడి 93 ప్లేలు ఆడితే ఫాల్కన్స్ ఆడినవి 46. అంటే అట్లాంటా రక్షణ ఆటగాళ్లు రెండింతల ప్లేలకు మైదానంలో ఒళ్లు హూనం చేసుకున్నారు. ఊపిరి తిరగని ఆ మనుషుల్నే నాణెం మళ్లీ బరిలోకి తోసింది. జట్టు తప్పు వేరు, నిబంధన తప్పు వేరు. మొదటిది కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడటంతో రెండోదాన్ని పట్టించుకున్నవాళ్లు లేకపోయారు.

తేడా తెలియాలంటే మరో పదకొండు నెలలు ముందుకు వెళ్లాలి. 2018 జనవరి 8, ఈసారి అట్లాంటాలోనే, కాలేజీ జాతీయ ఫైనల్. జార్జియా, అలబామా 20-20. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇద్దరికీ 25 గజాల గీత నుంచి చెరో అవకాశం ఇస్తారు. జార్జియా 51 గజాల ఫీల్డ్ గోల్ కొట్టింది. జవాబుగా టువా టగోవైలోవా 41 గజాల పాస్‌తో టచ్‌డౌన్ సాధించాడు. 26-23. జార్జియా గుండె మళ్లీ పగిలింది. కానీ మాకు అవకాశమే రాలేదనే మాటకు ఈసారి తావు లేదు.

2022 జనవరి 23న కాన్సాస్ సిటీలో బిల్స్ వంతు వచ్చింది. ఆఖరి 13 సెకన్లలో ఆధిక్యం పోయింది, టాస్ పోయింది, ఆతిథ్య జట్టు చీఫ్స్ తొలి దాడిలోనే టచ్‌డౌన్ చేసింది. 42-36. పన్నెండేళ్ల కిందట తాను సవరణకు వ్యతిరేకంగా వేసిన ఓటు బిల్స్‌కు గుర్తొచ్చిందో లేదో కానీ, ఆ పన్నెండేళ్లలో ప్లేఆఫ్స్ ఓవర్‌టైమ్ మ్యాచ్‌లు 12 జరిగితే టాస్ నెగ్గినవాళ్లే పదింటిలో గెలిచారు. ఆ మార్చిలో 29-3 ఓట్లతో ప్లేఆఫ్స్‌లో ఇద్దరికీ అవకాశం ఖాయమైంది.

2024 సూపర్‌బౌల్‌లో ఈ కొత్త నిబంధన పరీక్షకు వచ్చింది. టాస్ గెలిచిన శాన్‌ఫ్రాన్సిస్కో ముందు బంతి తీసుకుని మూడు పాయింట్లు చేసింది. ఎంత కొట్టాలో తెలిసిన చీఫ్స్ టచ్‌డౌన్ చేసి 25-22తో గెలిచింది. టాస్ గెలిచినవాళ్లు ఇప్పుడు ఆలోచించి ఎంచుకోవాల్సి వస్తోంది. ఆటలో తెలివికి చోటుండటం మంచిదే.

2025 ఏప్రిల్‌లో లీగ్ దశ మ్యాచ్‌లకూ చెరో అవకాశం ఇచ్చారు. కానీ 2017లో పదిహేను నుంచి పదికి కుదించిన ఓవర్‌టైమ్ నిమిషాలను అలాగే ఉంచారు. మొదటి జట్టు తాపీగా ఏడెనిమిది నిమిషాలు తినేస్తే రెండోవాళ్లకు మిగిలేది హడావుడే. ఆ అయిదు నిమిషాలూ తిరిగి ఇచ్చేయాలి.