సగం పంట రుచి

టస్కనీలో నడవడానికి వెళ్ళేవాళ్ళు ఇష్టపడే దారి వియా ఫ్రాంచీజెనా. 990లో రోమ్ నుంచి తిరిగొస్తూ కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సిజెరిక్ వదిలిన మజిలీల జాబితాయే ఈనాటి దారికి ఆధారం. దారి యాత్రికులది. మరి చుట్టూ కనిపించే ద్రాక్షతోటలూ, గుట్టల మీది రాతి ఇళ్ళూ ఎవరివి?

ఎక్కువగా మెజ్జాద్రియా రైతులు బతికినవి. ఆ మాటలోనే 'సగం' ఉంది. పొలమూ ఇల్లూ దొరవి, చాకిరీ ఇంటిల్లిపాదిదీ, పంటలో సగం దొరకి. మన సగపాలు సేద్యం లాంటిదే. శతాబ్దాలు నడిచిన ఈ పద్ధతిలో కొత్త ఒప్పందాలు కుదరకుండా 1964లో చట్టం వచ్చింది. అప్పటికే కుర్రాళ్ళు ఫ్యాక్టరీల దారి పట్టారు, ఇళ్ళు ఖాళీ అయ్యాయి. పొలాల్లో అతిథులకి బస, భోజనం ఇచ్చే అగ్రితురిజ్మోకి 1985లో చట్టం చేశాక, అలాంటి ఇళ్ళెన్నో బసలయ్యాయి.

సాయంత్రం అక్కడ వడ్డించే రిబొల్లీతా అంటే 'మళ్ళీ ఉడికించింది' అని. మిగిలిన ఎండు రొట్టె, చిక్కుడు గింజలు, ఆకుకూర. మన చద్దన్నంలాగే, ఏదీ పారేయలేని ఇంట్లో పుట్టిన వంట. ఇవాళ దాన్ని సంప్రదాయం పేరుతో అమ్ముతున్నారు. రుచిగానే ఉంటుంది, హాయిగా తినొచ్చు. ఆ రొట్టెని దాచుకున్న ఇంటికి పంటలో సగమే మిగిలేదన్న సంగతి కూడా మెనూలో ఉంటే బావుండేది.