నీటి స్కూటర్ రవాణాలో భద్రత

నీటి స్కూటర్ అనగా నీటిధారను వెనుకకు చిమ్ముతూ ముందుకు సాగే చిన్న మరపడవ. జనం దీనిని జెట్ స్కీ అంటారు గానీ, అది కవాసకీ సంస్థ వారి వ్యాపార నామము. చెన్నై నుండి విజయవాడ, విశాఖపట్నం వైపు దీనిని ట్రైలరుపై తీసుకొనిపోయే వాహనాలకు 16వ నెంబరు జాతీయ రహదారిపై నాయుడుపేట ఒక మజిలీ. తిరుపతి నుండి వచ్చే 71వ నెంబరు రహదారి కూడా ఇక్కడే కలుస్తుంది. ఇటువంటి కూడలిలో భోజనానికి బండి ఆపి దిగిన సమయమే దొంగకు అనువైనది.

'''ముప్పు'''

తీరగ్రామాలలో జాలరులు పడవను ఒడ్డున వదలి, వెలుపల బిగించే ఇంజనును విప్పి ఇంటికి మోసుకుపోతుంటారు. నీటి స్కూటరుకు ఆ వీలు లేదు. ఇంజను పడవ కడుపులోనే ఉంటుంది. పైగా ట్రైలరుతో సహా మరొక బండికి తగిలించుకొని పోవచ్చును.

'''తాళాలు'''

నైలాన్ పట్టీలు పడవ కదలకుండా ఉంచడానికే. చాకుతో ఇట్టే తెగుతాయి. గట్టిపరచిన ఉక్కు గొలుసును పడవ ముక్కు వద్ద ఉన్న కొక్కెం గుండా దూర్చి ట్రైలరు చట్రానికి తాళం వేయాలి. ఆ కొక్కెం ఫైబర్ గ్లాసుకు బిగించినదే గనుక దీనినొక్కదానినే నమ్మరాదు. ట్రైలరు తగిలించే చోట ఒక తాళం, చక్రానికి ఒక బిగింపు కూడా అవసరం. రాత్రి బసలో ఇవి మరీ ముఖ్యం. నడిపేవారి చేతికి తగిలించుకొనే తాడుతాళం తీసివేస్తే ఇంజను నడవదు గానీ, ఎత్తుకుపోవడం ఆగదు.

'''గుర్తింపు'''

చాలా నీటి స్కూటర్ల వెనుక భాగంలో 12 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దానిని, ట్రైలరు రిజిస్ట్రేషను సంఖ్యను ముందుగా రాసి ఉంచుకొంటే పోలీసు ఫిర్యాదులో ఉపయోగపడతాయి. 2024 జులై 1 నుండి దొంగతనం కేసులు భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను క్రిందకు వస్తున్నాయి. అంతకు ముందు ఇది భారత శిక్షాస్మృతి 379వ సెక్షను.