అరకు లోయ మట్టి ఇళ్ళు

శాసనాలు, కోటలు అరుదైన చోట ఇల్లే చరిత్రకు ఆధారమవుతుంది. తూర్పు కనుమలలో, సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయ ఇందుకు నిదర్శనం. గదబ, పోర్జ, కొండదొర, బగత మొదలైన తెగలవారు తరతరాలుగా అక్కడ మట్టి గోడలు, గడ్డి కప్పు గల ఇళ్ళను నిర్మించుకున్నారు. మందమైన గోడ చలిని ఆపుతుంది. బాగా కిందికి దిగిన చూరు ఆ గోడను వాన నుండి కాపాడుతుంది. గదబల ప్రాచీన గృహాలు గుండ్రనివి.

మన్ను, కలప, వెదురు, గడ్డి అన్నీ పరిసరాలు సమకూర్చినవే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో అడవిపై ప్రభుత్వ నియంత్రణ పెరిగింది. 1960వ దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి నిర్మించిన కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం లోయను మైదానానికి చేరువ చేసింది. క్రమంగా సిమెంటు, రేకులు వచ్చాయి. వీటివల్ల నిప్పు భయం, తరచు కప్పు మార్చే శ్రమ తగ్గాయి. ఆ సౌకర్యాన్ని గిరిజనులకు కాదనడం న్యాయం కాదు.

అయితే గడ్డి నేసే నేర్పు గ్రంథస్థం కాలేదు. అది పెద్దల చేతులలోనే ఉన్నది. అరకులోని గిరిజన మ్యూజియం ఇంటి రూపాన్ని చూపగలదు. ఆ నేర్పును మాత్రం, తెలిసినవారు ఉండగానే నమోదు చేయవలసి ఉన్నది.