మొదటి విమానం: క్వీన్ బీ నుంచి జంగ్లీఘాట్ దాకా



మన సంఘం సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు రెండు మూడేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. నేను ఇంటర్మీడియట్ వరకు చదివి 1988లో ఫౌజులో చేరినవాణ్ణి. 28 ఏళ్ళు ఎయిర్ డిఫెన్స్ తోపుల దగ్గర పనిచేసి సుబేదారుగా రిటైరయ్యాను. పెద్ద యుద్ధాల చరిత్ర రాసేంత పాండిత్యం నాకు లేదు. అందుకని రేడియోతో నడిచే బొమ్మ విమానాల చరిత్ర, వాటి వల్ల నాకు జరిగిన ఒక గుణపాఠం రాస్తున్నాను. పిల్లలకో మనవలకో అలాంటి విమానం కొనబోయే వాళ్ళకి ఇది పనికొస్తుంది.

మా చెల్లెలు కాపురం అండమాన్‌లో, జంగ్లీఘాట్‌లో. మా శ్రీకాకుళం వైపు నుంచి వేటకు, కూలికి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. వీధిలో నడుస్తుంటే మన ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది. బావ పడవ మీద వేటకు వెళ్తాడు. మేనల్లుడికి చిన్నప్పటి నుంచి విమానాల పిచ్చి. పిచ్చి పట్టదా మరి! ఇంటి మీంచే విమానాలు దిగుతూ ఉంటాయి. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చిన ఈ పోర్ట్ బ్లెయిర్‌కి విమానాలతో సంబంధం పాతది. 1942 మార్చి 23న జపాను సైన్యం దీవులను పట్టుకున్నాక, స్థానికుల చేత వెట్టిచాకిరీ చేయించి ఎయిర్ ఫీల్డు కట్టించింది. 1943 డిసెంబరు 29న నేతాజీ విమానంలో వచ్చి దిగింది ఇక్కడే. ఇప్పుడక్కడ ప్రయాణికుల విమానాలతో పాటు మన నౌకాదళం వారి ఐ.ఎన్.ఎస్. ఉత్క్రోశ్ కూడా ఉంది. 2001లో మూడు దళాలకూ కలిపి అండమాన్ నికోబార్ కమాండ్ ఏర్పడిన సంగతి మీకు తెలిసిందే.

2022 జనవరిలో నేను వెళ్ళినప్పుడు మేనల్లుడు పదో తరగతిలో ఉన్నాడు. "మావయ్యా, రిమోట్ విమానం కొనుక్కుంటాను. ఏది మంచిదో నువ్వే చెప్పు" అన్నాడు. చెల్లెలు చీటీ పాడి దాచిన 14,000 రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "అన్నయ్యా, నువ్వు విమానాలు కూల్చినోడివి, నీకు తెలీనిదేటి" అంది.

నిజమే, కూల్చాను. గోపాల్‌పూర్ రేంజిలో సముద్రం మీద ఎగిరే టార్గెట్ మీద ఎల్-70 గన్‌తో ఫైరింగ్ చేసిన అనుభవం నాకు బాగా ఉంది. కూల్చడం వేరు, ఎగరేయడం వేరు అని మాత్రం అప్పటికి బుర్రకెక్కలేదు.

ఆ టార్గెట్ల కథ ముందు చెప్పాలి. రేడియోతో వస్తువును నడపవచ్చని 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లో ఒక చిన్న పడవను నడిపి చూపించాడు. తర్వాత ఆ విద్యను బాగా వాడుకున్నది మన గన్నర్ల కోసమే. ఎగిరే విమానం మీద గురి నేర్చుకోవాలంటే లోపల మనిషి ఉండకూడదు కదా! 1935లో ఇంగ్లండులో డి హావిలాండ్ కంపెనీ టైగర్ మాత్ రకం విమానానికి రేడియో బిగించి "క్వీన్ బీ" అనే టార్గెట్ తయారుచేసింది. అలాంటివి 400 పైగా కట్టారు. క్వీన్ బీ అంటే రాణి ఈగ. మగ తేనెటీగను ఇంగ్లీషులో డ్రోన్ అంటారు. ఈ రోజు అందరి నోటా వినబడే డ్రోన్ అనే పేరు ఆ రాణి ఈగ నుంచే వచ్చిందని చెబుతారు.

అదే కాలంలో అమెరికాలో రెజినాల్డ్ డెన్నీ అనే హాలీవుడ్ నటుడు ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరినవాడు. బొమ్మ విమానాల సరదాతో దుకాణం పెట్టి, చివరికి రేడియోప్లేన్ అనే కంపెనీ పెట్టి సైన్యానికి చిన్న టార్గెట్లు వేల సంఖ్యలో అమ్మాడు. తర్వాత మార్లిన్ మన్రోగా పేరు పొందిన అమ్మాయి యుద్ధకాలంలో పనిచేసింది ఆ కార్ఖానాలోనే. అక్కడికి వచ్చిన ఒక ఆర్మీ ఫొటోగ్రాఫరు తీసిన బొమ్మలతోనే ఆమె దశ తిరిగింది. మన దేశంలో బెంగళూరులోని ఏ.డి.ఇ. సంస్థ "లక్ష్య" అనే జెట్ టార్గెట్ తయారుచేసింది. అది రాకెట్ సాయంతో లేస్తుంది, పని అయ్యాక పారాచూట్‌తో దిగుతుంది.

ఇక సరదా విమానాల సంగతి. 1871లో పారిస్‌లో ఆల్ఫోన్స్ పెనో అనే యువకుడు రబ్బరు తాడు మెలిపెట్టి నడిచే చిన్న విమానం ఎగరేశాడు. 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు వెళ్ళింది. అందులో మనిషి లేడు, రేడియో లేదు. అయినా ఒరగకుండా, ముక్కు వేలాడకుండా వెళ్ళింది. కారణం ఏమిటంటే రెక్కల చివరలు పైకి వంచాడు, తోకను సరైన కోణంలో పెట్టాడు. అంటే విమానం తనంతట తానే నిలదొక్కుకునేలా కట్టాడు. ఈ పాయింటు గుర్తుంచుకోండి, తర్వాత దీనితోనే పని.

1937లో అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు రేడియోతో నడిచే బొమ్మ విమానాన్ని విజయవంతంగా ఎగరేశారు. ఒకరు విమానం కట్టారు, ఇంకొకరు రేడియో కట్టారు. దాని పేరు "గఫ్". రెక్కల పొడవు 8 అడుగులు. రెక్క పైన ఉండే, నెమ్మదిగా పోయే విమానం. 1960లో దాన్ని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బాల్సా కర్ర, పొగ ఇంజను, క్రిస్టల్ పెట్టిన రేడియో సెట్లే దిక్కు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు సెట్ ఆన్ చేస్తే గాలిలో ఉన్న విమానం నేల కూలేది. మన సిగ్నల్స్ వాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాక ఆ గొడవ తీరింది. లిథియం పాలిమర్ బ్యాటరీ, బ్రష్‌లెస్ మోటారు, ఫోమ్ బాడీ వచ్చాక సామాన్యుడికి కూడా అందుబాటులోకి వచ్చింది.

ఇంత చరిత్ర నాకు అప్పుడు తెలిసి ఉంటే బాగుండేది. నేను ఏం చేశానంటే, బొమ్మ చూసి కొన్నాను. రెండో ప్రపంచ యుద్ధంలోని స్పిట్‌ఫైర్ రూపం. రెక్క కింద, పొడవు 80 సెంటీమీటర్లు. చూడటానికి పెళ్ళికొడుకులా ఉంది. వాడికి కూడా తెగ నచ్చింది.

ఊరికి దూరంగా, వండూరు వైపు తెలిసినవాళ్ళ ఖాళీ పొలం చూసుకుని, పోలీస్ స్టేషన్‌లో చెప్పి, ఆదివారం వెళ్ళాం. చెల్లెలు పులిహోర కట్టి ఇచ్చింది. రిమోట్ వాడి చేతిలో పెట్టి, విమానం నేను విసిరాను. మోటారు ఊపుకు ఎడమ పక్కకు దొర్లింది. వాడు ఏదో నొక్కేలోపు ముక్కు నేలకు కొట్టుకుంది. నాలుగైదు సెకన్లు, అంతే. రెక్క రెండు ముక్కలు, మోటారు మొదలు విరిగిపోయింది.

ఇక్కడ నేను చేసిన తప్పు రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. వాణ్ణి తిట్టాను. "చేతిలో రిమోట్ పెట్టుకుని నిద్రపోతున్నావా?" అన్నాను. ఇంటికి వెళ్ళాక కూడా పిల్లాడి తప్పే అన్నట్టు చెప్పాను. వాడు మాట్లాడలేదు. ముక్కలు సంచిలో వేసుకుని మంచం కింద పెట్టాడు. పులిహోర అలాగే మిగిలిపోయింది. చెల్లెలు డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఊరికి తిరిగి వచ్చాక మనసు ఊరుకోలేదు. నెట్‌లో చదివాను, విశాఖపట్నంలో ఈ విమానాలు ఎగరేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయన కథంతా విని, "సుబేదారు గారూ, మీ ఫౌజులో రిక్రూట్ చేతికి మొదటి రోజే లోడ్ చేసిన గన్ ఇస్తారా?" అన్నారు. నా నోరు మూతబడింది. తప్పు ఎంపిక చేసిన నాది, విసిరిన నాది. తిట్లు తిన్నది వాడు.

ఆయన చెప్పినవి, తర్వాత నేను అనుభవంతో తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి విమానం ట్రైనర్ రకమే కావాలి. రెక్క బాడీ పైన ఉండాలి, చివరలు కాస్త పైకి లేచి ఉండాలి. పెనో 1871లో చేసిన పనే ఇది. స్టిక్ వదిలేస్తే తనంతట తాను సర్దుకుంటుంది. యుద్ధ విమానం రూపం ఉన్నవి వేగంగా పోతాయి, నెమ్మదిస్తే ఒక రెక్క పడిపోతుంది. అవి మూడో విమానంగా కొనుక్కోండి.

రెక్క పొడవు 1 నుంచి 1.4 మీటర్లు ఉంటే మంచిది. మరీ చిన్నది గాలికి ఎగిరిపోతుంది, దూరం వెళితే ఎటు తిరిగి ఉందో కంటికి ఆనదు. బాడీ ఈ.పి.పి. లాంటి వంగే ఫోమ్ అయితే పడినా జిగురుతో అతుకుతుంది. ప్రొపెల్లరు వెనక్కి ఉంటే ఇంకా నయం.

బరువు సమతూకం ప్రతిసారీ చూసుకోవాలి. రెక్క వెడల్పులో ముందు నుంచి పావు వంతుకూ మూడో వంతుకూ మధ్య వేళ్ళ మీద నిలబెడితే సమంగా నిలబడాలి. తోక బరువైతే ఎవరూ అదుపు చేయలేరు.

విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. కొత్తవాళ్ళు పడగొట్టేది ఇక్కడే. ఏ రెక్క కిందికి ఒరిగిందో ఆ వైపే స్టిక్ తొయ్యాలి, అప్పుడు అది లేస్తుంది. ఇది ముందు కంప్యూటర్ సిమ్యులేటర్ మీద పది పదిహేను గంటలు అలవాటు చేసుకోవాలి. అక్కడ ఎన్నిసార్లు పడినా పైసా ఖర్చు లేదు.

అండమాన్‌లో ఉన్నవాళ్ళకి ప్రత్యేకం: మే నెల నుంచి వానలు పట్టుకుంటాయి కాబట్టి జనవరి నుంచి ఏప్రిల్ వరకు తెల్లవారుజామున, సముద్రపు గాలి లేవకముందు ఎగరేయాలి. ఉప్పు గాలికి స్క్రూలు, మోటారు బేరింగులు తుప్పు పడతాయి, తుడిచి నూనె చుక్క వేయాలి. సామాను ఓడ మీద రావడానికి రోజులు పడుతుంది కాబట్టి ప్రొపెల్లర్లు రెండు మూడు ఎక్కువే తెప్పించుకోండి. విమానంలో తెచ్చుకుంటే విడి బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టాలి. 11.1 వోల్టుల 2200 ఎం.ఏ.హెచ్. బ్యాటరీ అంటే సుమారు 24 వాట్ అవర్లు, 100 లోపే.

చట్టం సంగతి కూడా చూడాలి. 2021 ఆగస్టు 25న డ్రోన్ రూల్స్ వచ్చాయి. రిమోట్ విమానాలు కూడా వీటి కిందికే వస్తాయి. 250 గ్రాముల లోపువి నానో, 2 కిలోల లోపువి మైక్రో. వ్యాపారం కాకుండా సరదాకు మైక్రో నడిపేవాళ్ళకు పైలట్ లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు అక్కర్లేదు కదా అని ఎక్కడపడితే అక్కడ ఎగరేయకూడదు. ముందు డిజిటల్ స్కై మ్యాపు చూడాలి, స్థానిక అధికారులను అడగాలి. విమానాశ్రయం, డిఫెన్స్ స్థలాలు, ఆదివాసుల రిజర్వు ప్రాంతాల దగ్గరికి అసలు పోవద్దు. మనమే నియమం తప్పితే ఇంకెవరికి చెబుతాం?

2023 జనవరిలో నా పెన్షను డబ్బుతో ట్రైనర్ కొని మళ్ళీ వెళ్ళాను. ముందు వాణ్ణి కూర్చోబెట్టి, చెల్లెలు, బావ వింటుండగా "ఆ రోజు తప్పు నాది, నిన్ను అనవసరంగా అన్నాను" అని చెప్పాను. ఫౌజులో సి.ఓ. సాబ్ ముందు నిలబడినప్పుడు కూడా అంత కష్టం అనిపించలేదు. వాడు తల వంచుకుని "పర్లేదు మావయ్యా" అన్నాడు. కాసేపటికి మంచం కింద నుంచి పాత సంచి తీశాడు. చూస్తే రెక్క అతికించి ఉంది. ఏడాదిగా వాడొక్కడే కూర్చుని బాగుచేస్తున్నాడు, ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం ట్రైనర్ లేచింది. చక్కగా చుట్టు తిరిగి, మన వైపు వచ్చినప్పుడు ఒక్కసారి తడబడింది, సర్దుకుంది. ఏడు నిమిషాల తర్వాత గడ్డి మీద దిగింది. చెల్లెలు కూడా వచ్చింది. ఈసారి పులిహోర మిగల్లేదు.

ఇప్పుడు వాడు డిప్లొమా చదువుతున్నాడు. వీధిలో పిల్లలు ఏ విమానం కొనాలని వాణ్ణే అడుగుతారట. స్పిట్‌ఫైర్ మాత్రం గోడకు వేలాడదీశాడు, అది ఇంకా ఎగరలేదు. ఎగరేసే రోజు నన్ను పిలుస్తానన్నాడు. విసరడం మాత్రం నన్ను విసరొద్దన్నాడు.

జై హింద్.