వికీ మార్కప్ మార్పిడి

ఒక వికీలోని పేజీలను, వాటి శీర్షికలు, లింకులు, పట్టికలు చెదరకుండా, వేరే గుర్తుల పద్ధతిలోకి తిరగరాయడాన్ని వికీ మార్కప్ మార్పిడి అంటారు. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ నడిపిన తొలి వికీలో, రెండు ఇంగ్లిషు మాటల్ని పెద్దక్షరాలతో మొదలుపెట్టి కలిపి రాస్తే అదే లింకయ్యేది. పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేని తెలుగుకు ఆ పద్ధతి బొత్తిగా పనికిరాదు. 2001 జనవరిలో మొదలైన వికీపీడియా తొలినాళ్లలో ఇలాంటి లింకులే వాడి, త్వరలోనే జంట చదరపు బ్రాకెట్లకు మారింది. 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియా ఆ బ్రాకెట్ల మీదే నడుస్తోంది.

సాఫ్ట్‌వేర్ బృందాలకు ఎక్కువగా ఎదురయ్యేది, వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన మీడియావికీ పేజీలను మార్క్‌డౌన్‌లోకి మార్చే పని. జాన్ గ్రూబర్ 2004లో విడుదల చేసిన మార్క్‌డౌన్ చూడటానికి తేలిక. చిక్కంతా ఒకే గుర్తుకు రెండు చోట్లా రెండు అర్థాలు ఉండటంలో ఉంది. వరుస మొదట్లో # పెడితే మీడియావికీలో అది అంకెల జాబితా, మార్క్‌డౌన్‌లో శీర్షిక. "వెతుకు, మార్చు" పద్ధతిలో ముందు == గుర్తులను ## చేసి, ఆ తర్వాత జాబితాల సంగతి చూద్దామనుకుంటే, అప్పుడే మార్చిన శీర్షికలు కూడా జాబితాలో కలిసిపోతాయి. వరుస ముందు పొరపాటున పడ్డ ఒక్క ఖాళీ మీడియావికీలో ఆ వరుసను పెట్టెలో పెడుతుంది. మార్క్‌డౌన్‌లో అందుకు నాలుగు ఖాళీలు కావాలి.

తెలుగు పాఠానికి విభక్తుల బెడద అదనం. తెలుగు వికీపీడియాలో [[హైదరాబాదు]]లో అని రాస్తే బ్రాకెట్ బయటి "లో" కూడా లింకులో చేరిపోతుంది. మార్క్‌డౌన్‌లో లింకు బ్రాకెట్ దగ్గరే ఆగుతుంది, అందుకని [హైదరాబాదులో](హైదరాబాదు) అని విడమరిచి రాయాలి. వాలు అక్షరాలకు _తెలుగు_లో అని రాస్తే ప్రామాణిక మార్క్‌డౌన్‌లో అడ్డగీతలు అలాగే కనిపిస్తాయి. *తెలుగు*లో అంటేనే పని జరుగుతుంది.

కాబట్టి గుర్తులను కాక నిర్మాణాన్ని మార్చాలి. బర్కిలీలో తత్త్వశాస్త్ర ఆచార్యుడైన జాన్ మెక్‌ఫార్లేన్ 2006లో విడుదల చేసిన పాండాక్ చేసేది ఇదే. పేజీని చదివి, ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లింకు అని ఒక చెట్టుగా అమర్చుకుని, ఆ చెట్టును చూసి కొత్త పద్ధతిలో రాస్తుంది. పది పద్ధతుల్లో ఒక్కోదాని నుంచి మిగతా ఒక్కోదానికి విడివిడిగా మార్పిడి సాధనాలు రాస్తే తొంభై కావాలి. నడుమ ఈ చెట్టు ఉంటే పది చదివేవి, పది రాసేవి సరిపోతాయి.

అయినా కొన్ని జారిపోతాయి. తొలి మార్క్‌డౌన్‌లో పట్టికల గుర్తులే లేవు. తరువాత వచ్చిన నిలువుగీతల పట్టికల్లో సాధారణంగా గళ్లను కలిపే వీలు లేదు. మూసలది ఇంకా పెద్ద సమస్య. మూస అంటే చాలా పేజీల్లో పిలిచి వాడే ముక్క, దాని అసలు పాఠం వేరే పేజీలో ఉంటుంది. దాన్ని ప్రతి పేజీలో విప్పి పెడితే, ఇకపై ఒకచోట దిద్దితే అన్నిచోట్లా మారే సౌకర్యం పోతుంది.

పేజీ చరిత్ర గురించి చాలామంది చివర్లో ఆలోచిస్తారు, మొదటే ఆలోచించాలి. తాజా కూర్పును మాత్రమే మార్చుకుంటే ఇన్నేళ్లు రాసినవాళ్ల పేర్లు పోతాయి. వికీపీడియా వాడే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో రచయితలకు గుర్తింపు ఇవ్వడం షరతు. అందుకే జాగ్రత్తగా చేసేవారు ప్రతి పాత కూర్పునూ రచయిత పేరు, తేదీతో సహా, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఒక్కో కమిట్‌గా ఎక్కిస్తారు.